పెరిగే స్తూపం, వెనక్కు జరిగే కన్ను

సాంచీ మహాస్తూపం ఒకేసారి కట్టినది కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో, అశోకుని కాలాన, ఇటుకలతో లేచిన తొలి కట్టడం చిన్నది. మరొక శతాబ్దం గడిచిన తరువాత దానిని తొలగించక, దాని మీదనే రాతి కవచం తొడిగి, వ్యాసాన్ని సుమారు రెట్టింపు చేశారు. ఈనాడు యాత్రికుడు చూసే అండం వ్యాసం సుమారు 36.6 మీటర్లు, శిఖరాన ఉన్న ఛత్రాలను మినహాయిస్తే ఎత్తు 16.46 మీటర్లు. పాత ఇటుకల స్తూపం ఆ రాతి గర్భంలోనే ఉన్నది. ఆ తరువాత, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, నాలుగు తోరణాలు వచ్చాయి. దక్షిణ తోరణం మీద శాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద అయిన ఆనందుని దానశాసనం ఉన్నది. సాతవాహనుల పేరు వినగానే చెవి రిక్కించే తెలుగు పాఠకులకు ఇది పరిచితమైన విషయమే.

ఇటువంటి కట్టడాన్ని పుస్తకంలో చూపడం కష్టం. ఒక పటంలో ఒక దశ మాత్రమే ఇముడుతుంది. అదే కంప్యూటరు తెర మీద అయితే కాలాన్ని వేలితో జరపవచ్చును. ఒక సాంస్కృతిక సంస్థ పాఠశాల విద్యార్థుల కోసం అటువంటి ప్రదర్శనను బ్రౌజరులో చూడదగిన విధంగా తయారు చేయించింది. తెర అడుగున ఒక పట్టీ. దానిని ఎడమ నుంచి కుడికి జరిపితే శతాబ్దాలు మారుతాయి, స్తూపం పెరుగుతుంది. ఆమోదముద్ర వేయవలసిన డిప్యూటీ సెక్రటరీ ఒకనాటి చరిత్ర విద్యార్థి. ఫైలు మీద సంతకం పెట్టబోయే ముందు ఆయన ఆ పట్టీని తానే జరిపి చూశారు.

ఇటుక రంగు పోయి రాయి రంగు వచ్చింది. వేదిక వచ్చింది, సోపానాలు వచ్చాయి, తోరణాలు నాలుగూ వచ్చాయి. స్తూపం మాత్రం పెరగలేదు. మొదట తెరలో ఎంత మేర ఆక్రమించి ఉన్నదో చివర కూడా అంతే ఉన్నది.

"ఇది పెరిగిందా, అమ్మా?" అని ఆయన ప్రోగ్రామరును అడిగారు.

"పెరిగింది సార్, రెట్టింపు. పక్కన అంకె చూడండి," అన్నది ఆ యువతి. అంకె నిజమే చెబుతున్నది. 18.3 అని ఉన్నది 36.6 అయింది. "స్తూపం పెరిగినకొద్దీ కెమెరా వెనక్కు జరుగుతుంది సార్. లేకపోతే అది తెర దాటి బయటికి పోతుంది."

"అయితే పెరిగినది స్తూపం కాదు, మన దూరం," అన్నారాయన.

ఆమె కొంచెం నొచ్చుకున్నది. కెమెరాను అలా సర్దడానికి ఆమె రెండు వారాలు శ్రమించింది మరి. ఆ శ్రమ ఎటువంటిదో చెప్పకపోతే ఆమెకు అన్యాయం జరుగుతుంది.

బ్రౌజరులో త్రిమితీయ దృశ్యాలను చూపే వెబ్‌జీఎల్ ప్రమాణం 2011 మార్చిలో వెలువడింది. దానిని నేరుగా వాడడం ప్రయాస కనుక అత్యధికులు త్రీ.జేఎస్ అనే గ్రంథాలయాన్ని ఆశ్రయిస్తారు. అది 2010లోనే వచ్చింది. ఆ లోకంలో కెమెరా అన్న మాటకు అర్థం యంత్రం కాదు, ఒక బిందువు. అది ఎక్కడ నిలిచి ఉన్నది, ఎటు చూస్తున్నది, ఎంత వెడల్పుగా కన్ను తెరిచింది అన్న మూడు విషయాలే దాని సర్వస్వం. కన్ను తెరుపును నిలువు కోణంగా చెబుతారు. వేరేమీ చెప్పకపోతే త్రీ.జేఎస్ దానిని 50 డిగ్రీలుగా భావిస్తుంది.

ఒక వస్తువు తెరలో సరిగ్గా ఇమడాలంటే ఎంత దూరాన నిలబడాలి? పాఠశాలలో చదివిన త్రికోణమితి చాలు. వస్తువు ఎత్తులో సగాన్ని, కోణంలో సగపు టాంజెంటుతో భాగించాలి. 25 డిగ్రీల టాంజెంటు 0.466. స్తూపం ఎత్తు 16.46 మీటర్లు కనుక నిలువునా ఇమడడానికి సుమారు 17.7 మీటర్ల దూరం చాలును. అయితే స్తూపం ఎత్తు కంటే వెడల్పు హెచ్చు. తెర వెడల్పు, ఎత్తులు 16కు 9 నిష్పత్తిలో ఉంటే, అడ్డంగా ఇమడడానికి 22 మీటర్లు కావాలి. రెండింటిలో పెద్దదానిని గ్రహించాలి. అంతటితో పని తీరదు. స్తూపం గోడ మీది బొమ్మ కాదు. దాని ముందుభాగం కేంద్రం కంటే 18.3 మీటర్లు కెమెరాకు దగ్గరగా ఉంటుంది. ఆ లోతును కూడా కలిపితేనే అంచులు తెగకుండా ఉంటాయి.

ఇక అదే దృశ్యాన్ని చేతి ఫోనులో, నిలువుగా పట్టుకొని చూస్తే నిష్పత్తి తలకిందులవుతుంది. 22 మీటర్లు చాలిన చోట సుమారు 70 మీటర్లు వెనక్కు పోవాలి. విద్యార్థి ఫోనును అడ్డం తిప్పిన ప్రతిసారీ కెమెరా అర్ధశత మీటర్లు ముందుకు వెనుకకు పరుగు తీయాలన్న మాట. తెర కొలత మారిందని కెమెరాకు చెప్పి, ప్రొజెక్షన్ మాట్రిక్స్‌ను తిరిగి లెక్కించమని ఆజ్ఞాపించడం మరచిపోతే, గుండ్రని స్తూపం నిలువున సాగి కోడిగుడ్డు ఆకారం దాలుస్తుంది. బౌద్ధ వాస్తువులో ఆ గోళార్ధానికి అండమనే పేరు కనుక అది మరీ అపచారం కాదని సరదాకు అనుకోవచ్చును గాని, విద్యార్థులకు చూపదగినది మాత్రం కాదు.

ఆ యువతి ఈ చిక్కులన్నీ విప్పింది. వస్తువును చుట్టి ఒక ఊహాపేటికను గీయడం, దానిని బౌండింగ్ బాక్స్ అంటారు, మొదటి మార్గం. వస్తువును తిప్పి చూసినప్పుడు పేటిక మూలలు ముందుకు వచ్చి అంచులు తెగుతాయి. అందుచేత ఆమె పేటికకు బదులు గోళాన్ని ఎంచుకున్నది. గోళం ఎటు తిప్పినా గోళమే. చూసేవారు స్తూపాన్ని తమ ఇష్టం వచ్చిన దిక్కు నుంచి చూస్తుండగా పరిమాణం మారితే, ఆ దిక్కును చెరపకుండా అదే చూపు రేఖ వెంట మాత్రమే కెమెరాను జరపాలని కూడా ఆమె గ్రహించింది. ఇవన్నీ నిపుణులు సైతం తరచు విస్మరించే మర్యాదలు. ఇంత చేసిన తరువాత, ఏ పరిమాణంలో ఉన్న వస్తువైనా తెరను నిండుగా, పొందికగా ఆక్రమించి నిలుస్తుంది. చిక్కంతా ఆ నిండుదనంలోనే వచ్చింది.

వ్యాసం రెట్టింపు కావడమంటే ఏమిటో ఒకసారి ఆలోచించాలి. ఆకారం అదే ఉండి వ్యాసం రెండింతలయితే ఘనపరిమాణం ఎనిమిదింతలవుతుంది. లోపలి స్తూపం ఒక వంతు అయితే దాని మీద కప్పినది ఏడు వంతులు. అంత రాయిని ఎవరు తరలించారు, ఎవరి ధనంతో తరలించారు? సాంచీలో ఏ ఒక్క రాజు పేరునో వెదకనక్కర లేదు. వేదిక స్తంభాల మీద, అడ్డుకమ్ముల మీద, పరచిన రాళ్ళ మీద వందలాది చిన్న దానశాసనాలు ఉన్నాయి. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహిణులు, ఊరి పేరుతో చెప్పుకున్న సామాన్యులు ఒక్కొక్క రాయిని ఇచ్చారు. దక్షిణ తోరణం మీద పని చేసినవారు విదిశ నగరపు దంతకారులని మరొక శాసనం చెబుతున్నది. స్తూపం పెరగడమంటే వీరందరూ చరిత్రలోకి రావడం. తెర మీద పెరుగుదల కనిపించకపోతే కనబడకుండా పోయేది కేవలం కొలత కాదు. ఆ ఏడు వంతులూ కనబడకుండా పోతాయి. మిగిలేది రంగు మారిన ఒక బంతి.

ఆనాటి యాత్రికునికి ఈ సందేహం లేదు. అతడు స్తూపాన్ని చట్రంలో ఇమిడ్చి చూడలేదు. దాని చుట్టూ నడిచాడు. అండం చుట్టుకొలతనే తీసుకుంటే పాత స్తూపానికి ప్రదక్షిణం సుమారు 57 మీటర్లు, పెంచిన దానికి 115 మీటర్లు. తండ్రి నడిచినదానికి మనుమడు రెండింతలు నడిచాడు. కన్ను మోసపోవచ్చు గాని కాలు మోసపోదు.

ఇదే ప్రదర్శనలో మరికొన్ని వస్తువులు కూడా ఉన్నాయి. మొహెంజొదారోలో 1926లో దొరికి, ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్న కంచు నర్తకి వాటిలో ఒకటి. ఆమె ఎత్తు 10.5 సెంటీమీటర్లు. ఒక చేయి నడుము మీద ఆనించి, గడ్డం ఎత్తి నిలిచిన ఆమె ధీమాను పాఠ్యపుస్తకాలలో చూసి పెరిగినవారు మ్యూజియంలో ఆ అద్దాల పెట్టె ముందుకు వచ్చి, "ఇంతేనా?" అని నిర్ఘాంతపోతారు. ఆ విస్మయంలో చదువు ఉన్నది. అరచేతిలో ఇమిడే లోహంలో అంత అహంకారాన్ని పోత పోయగలిగిన వాని ప్రతిభ ఆ క్షణంలోనే తెలుస్తుంది. తెర మీద నర్తకి, స్తూపం సరిసమానమైన ఎత్తున నిలిచి ఉంటే ఆ విస్మయానికి తావు లేదు.

నర్తకి విషయంలో యంత్రం కూడా తనకు తెలియకుండానే ఒక హెచ్చరిక చేసింది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆమె తెరలో నిండుగా ఇమడాలంటే కెమెరా సుమారు 11.3 సెంటీమీటర్ల దూరాన నిలవాలి. త్రీ.జేఎస్ కెమెరాకు, వేరే చెప్పకపోతే, 0.1 ప్రమాణం కంటే దగ్గర ఉన్నది కనబడదు. ప్రమాణాన్ని మీటరుగా తీసుకుంటే అది 10 సెంటీమీటర్లు. ఎదురుగా నిలిచి ఉన్నంతసేపు నర్తకి క్షేమం. ఆమెను పక్కకు తిప్పగానే నడుము మీది చేతి మోచేయి ఆ గీతను దాటి ముందుకు వస్తుంది; కత్తితో కోసినట్టు మాయమవుతుంది. కెమెరా జరిగినప్పుడల్లా ఈ సమీప దూర హద్దులను కూడా వస్తువు కొలతకు తగినట్టు మార్చాలి. ఆ యువతి దీనిని కనుగొని సరిచేసింది. ఆమె మరొక సంగతి కూడా చెప్పింది. వస్తువులను స్కాన్ చేసే పరికరాలు కొన్ని మిల్లీమీటర్లలో అంకెలు ఇస్తాయి. బ్రౌజరులో వాడుకలో ఉన్న జీఎల్‌టీఎఫ్ పద్ధతి మాత్రం మీటర్లనే అంగీకరిస్తుంది. మార్చకుండా చేర్చితే 10.5 సెంటీమీటర్ల నర్తకి 105 మీటర్ల మహాకాయ అవుతుంది. అయినా ఎవరూ గుర్తించరు. కెమెరా నిశ్శబ్దంగా వెనక్కు జరిగి, ఆమెను ఎప్పటివలెనే తెరలో ఇమిడ్చి చూపుతుంది. తప్పును ఇంత సౌమ్యంగా కప్పిపుచ్చే సహాయకుడు కార్యాలయాలలో కూడా అరుదు.

మన శిల్పశాస్త్రకారులు ఈ రెండు ప్రశ్నలను ఏనాడో వేరు చేశారు. విగ్రహానికి దేహలబ్ధాంగుళం అనే కొలత ఉన్నది. ఉత్తమ దశతాల విగ్రహమైతే దాని మొత్తం ఎత్తును 124 భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని ఒక అంగుళంగా గ్రహిస్తారు. విగ్రహం జానెడైనా, తాటిచెట్టంతైనా దాని అంగుళాలు 124. ముఖమెంత, మెడ ఎంత, మోకాలెంత అన్నవన్నీ ఆ అంగుళాలలోనే చెబుతారు. పరిమాణంతో నిమిత్తం లేని పొందిక అది. తెరకు ఇమిడే కెమెరా లెక్కకు సోదరి. శాస్త్రం అక్కడితో ఆగలేదు. ఎనిమిది యవలను పేర్చి లెక్కించే మానాంగుళం, మనిషి నడిమివేలి కణుపును బట్టి వచ్చే మాత్రాంగుళం వేరుగా ఉన్నాయి. విగ్రహం లోకంలో ఎంత చోటు ఆక్రమిస్తుందో అవి చెబుతాయి. పొందికకు ఒక అంగుళం, పరిమాణానికి మరొక అంగుళం. ఆ యువతి కెమెరాకు మొదటిది మాత్రమే తెలుసు.

శాస్త్రం అలా ఉండగా, శిల్పులందరూ కొలతను పాటించారని చెప్పలేము. అమరావతి మహాచైత్యం ఫలకాలు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద స్తూపాన్నే చెక్కారు. అంత మహానిర్మాణాన్ని మనిషి ఎత్తు రాతి పలకలో ఇమిడ్చి, పక్కన భక్తులను నిలబెట్టారు. ఆ భక్తులు స్తూపంతో పోలిస్తే మరీ పెద్దవారు. చట్రానికి లొంగడం ఈనాటి బలహీనత కాదు. కాని ఆ ఫలకం చూసినవాడు తల ఎత్తితే అసలు స్తూపం ఎదురుగానే ఉండేది. బ్రౌజరు ముందు కూర్చున్న విద్యార్థి తల ఎత్తితే తరగతి గది గోడ కనబడుతుంది.

"అయితే కెమెరాను కదలకుండా కట్టివేయమంటారా సార్?" అని ఆమె అడిగింది. ప్రశ్న న్యాయమైనది. మొహెంజొదారో పశుపతి ముద్రిక ఒక భుజం 3.6 సెంటీమీటర్లకు మించదు. దానికీ సాంచీ స్తూపానికీ సుమారు వెయ్యి రెట్ల తేడా. స్తూపానికి తగిన చోట కెమెరాను పాతివేస్తే ముద్రిక తెర మీద చుక్కగా కూడా మిగలదు. ఒక వస్తువు పోయి మరొక వస్తువు వచ్చినప్పుడు కన్ను సర్దుకోక తప్పదు. మ్యూజియంలో మనిషి కూడా ముద్రిక దగ్గర వంగుతాడు, పెద్ద విగ్రహం దగ్గర వెనక్కు జరుగుతాడు. కాని ఉన్న వస్తువే పెరుగుతున్నప్పుడు కన్ను కాసేపు ఓపిక పట్టాలి. వంగడం, వెనక్కు జరగడం చూసేవాడికి తెలిసి జరిగే పనులు. తనకు తెలియకుండా తనను ఎవరో వెనక్కు లాగితే అది చూపు కాదు.

ఆమె మార్పులు చేసింది. స్తూపం అన్ని దశలలోను మిక్కిలి పెద్దదానిని ముందే లెక్కించి, కెమెరాను దానికి తగిన దూరాన నిలిపింది. పట్టీ ఎడమ చివర ఉన్నప్పుడు అశోకుని ఇటుక స్తూపం తెరలో సగం వెడల్పు కూడా నిండక, చుట్టూ ఖాళీ స్థలంతో నిలిచింది. ఇంతకు ముందు చట్రం నడుమ వస్తువు కేంద్రాన్ని ఉంచేవారు. అందువల్ల స్తూపం పెరిగినకొద్దీ నేల కిందికి దిగిపోయేది. ఇప్పుడు నేల గీతను కదలకుండా నిలిపి, పెరుగుదల అంతా పైకి, పక్కలకు సాగేట్టు చేసింది. ఖాళీ స్థలం బాగుండలేదని, తెర వెలితిగా కనబడుతున్నదని సమీక్షలో ఒకరు అభ్యంతరం తెలిపారు. ఆ వెలితిలోకే రాబోయే స్తూపం పెరగవలసి ఉన్నదని ఫైలులో సమాధానం రాశారు.

ఇంకొకటి మిగిలింది. తవ్వకాలలో ఛాయాచిత్రం తీసేటప్పుడు పురావస్తు శాఖవారు నలుపు తెలుపు పట్టీల కొలకర్రను వస్తువు పక్కన పెడతారు. అది లేని చిత్రాన్ని చరిత్ర విద్యార్థి నమ్మడు. స్తూపం పక్కన కొలకర్రకు బదులు ఒక మనిషిని నిలబెడదామని ఆమె సూచించింది. సాఫ్ట్‌వేరుతో పాటు ఉచితంగా వచ్చిన మనిషి బొమ్మ ఒకటి ఆమె దగ్గర ఉన్నది. అతడు ఆరడుగుల వాడు, ప్యాంటు, బూట్లు తొడిగినవాడు, మెడలో గుర్తింపు కార్డు వేలాడేవాడు. సాంచీ ముంగిట అతడు తనిఖీకి వచ్చిన ఇంజినీరులా ఉన్నాడు. డిప్యూటీ సెక్రటరీకి నవ్వు వచ్చింది గాని ఒప్పుకోలేదు. భిక్షువును పెడితే భిక్షుణి ఎందుకు కాదన్న ప్రశ్న వస్తుంది. ఇద్దరినీ పెడితే వర్తకుడు ఏమైనాడని మరొకరు అడుగుతారు. అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఇవ్వడానికి అది కమిటీ కాదు. చివరకు ముఖం లేని, దుస్తులు తెలియని ఒక నీడను ఎంచుకున్నారు. ఎత్తు 160 సెంటీమీటర్లు.

నీడ నిలబడి ఉంటే చాలదని, నడిపిస్తానని ఆమె అన్నది. సెకనుకు ఒక మీటరు చొప్పున, కుడివైపు తిరిగే ప్రదక్షిణం. ఇటుక స్తూపం చుట్టూ నీడ ఒక నిమిషం లోపలే తిరిగి వచ్చింది. ఆయన పట్టీని కుడికి జరిపారు. స్తూపం ఎదిగి, నేల గీత మీద రెండు వైపులా పరచుకొని, తెర నిండా నిలిచింది. నీడ అంతే ఉన్నది. అది నడుస్తూ వెళ్ళి స్తూపం వెనుక మరుగైంది. అధికారి గడియారం చూసుకోలేదు. బంట్రోతు తెచ్చిపెట్టిన టీ చల్లారుతున్నది. సంతకం కావలసిన కాగితం ఎదుట ఉన్నది. నీడ ఇంకా అవతలి వైపునే ఉన్నది.

"ఆగిపోలేదు కదా, అమ్మా?" అన్నారాయన.

"లేదు సార్, నడుస్తోంది," అన్నదామె.